ఇప్పపువ్వు రొట్టె

నా చిన్నప్పుడు జ్వరం రావాలని దేవుణ్ణి మొక్కుకునేదాన్ని. నవ్వకండి. ఆ రోజుల్లో మా దిక్కు డబల్‌రొట్టె తినాలంటే ఒళ్లు కాలాల్సిందే. మంచిగున్న మనిషికి రొట్టె ఎవరు కొనిపెడతారు? బస్సు దగ్గర ఎవరి చేతిలోనైనా రొట్టె పొట్లం కనపడితే చాలు, "అయ్యో, ఇంట్ల ఎవరికి బాగలేదు?" అని పరామర్శ మొదలుపెట్టేవాళ్లు. నాకు ఒకే ఒక్కసారి గవదలు వాచి జ్వరమొస్తే, తెల్లటి రొట్టె ముక్కను వేడిపాలలో ముంచి పెట్టారు. ఆ రుచి నా నాలుక మీద అట్లాగే ఉండిపోయింది. నాదేమో గట్టి ఒళ్లు, వానలో తడిసినా తుమ్ము కూడా వచ్చేది కాదు. దేవుడు నా మొర వినలేదు గానీ, వేరే దారిలో నాకు రోజూ రొట్టె దొరికేట్టు చేశాడు. ఆ దొరకడం గురించే ఇప్పుడు చెప్పేది. చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

నేను మా అమ్మమ్మ దగ్గర పెరిగాను. అమ్మానాన్నా కారేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో కూలికి తిరిగేవాళ్లు. వాళ్ల వెంట తిరిగితే నా చదువు పాడవుతుందని తీసుకొచ్చి అమ్మమ్మ దగ్గర వదిలారు. భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఒక చిన్న మిషను దవాఖానా ఉండేది. అమ్మమ్మ అందులో వంటమనిషి. అంతకుముందు, దవాఖానా కట్టిన కొత్తలో, దొరసాని బంగ్లాలో వండేదట. దొరసాని వాళ్ల దేశం వెళ్లిపోయాక దవాఖానా వంటింటికి వచ్చింది. కాంపౌండు గోడ పక్కనే మాకు ఒక గది ఇచ్చారు.

రోగుల కోసం ఖమ్మం నుంచి రోజు విడిచి రోజు బస్సు మీద రొట్టెలు వచ్చేవి. దవాఖానా వంటింట్లో రొట్టెలు అటక నిండా ఉండేవి, నాకు మాత్రం ఒక్క ముక్క దక్కేది కాదు. దవాఖానా తిండి దవాఖానాదే అనేది అమ్మమ్మ. మిగిలిన అంచులు కూడా పొడి చేసి రోగుల చారులోనే వేసేది. ఇంట్లో మాకు గంజీ, పచ్చడీ. బడికి పోయేముందు నేను ఆయమ్మతోపాటు ఆడవాళ్ల వార్డుకి పొద్దుటి పళ్లేలు మోసేదాన్ని. పళ్లెంలో రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు, పక్కన గ్లాసెడు పాలు. వాటి వాసన పీల్చుకుంటూ నడిచేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఎండాకాలం మొదట్లో ఒక మిట్టమధ్యాహ్నం నలుగురు మనుషులు నులకమంచాన్ని భుజాల మీద మోసుకుంటూ గేటులోకి వచ్చారు. మంచం మీద ఒక ఆడమనిషి. కాలికి చుట్టిన పాత చీర రక్తంతో నల్లగా అట్టగట్టి ఉంది. ఇప్పపువ్వు రాలే రోజులవి. పువ్వు తెల్లారకముందే రాలుతుంది. ఏరుకునేవాళ్లు చీకటుండగానే అడవిలోకి పోవాలి. ఎలుగుబంటికి కూడా ఆ పువ్వంటే ప్రాణం. ఆమె వంగి ఏరుకుంటుంటే వెనక నుంచి వచ్చి పిక్క పట్టుకుందట. మోకాలి కింద నుంచి మడమ దాకా చీరేసింది.

వార్డులో చివరన, కిటికీ పక్క మూల మంచం ఆమెకిచ్చారు. నాకామె మూలమంచం అక్క. లోపలి కోయగూడెం మనిషి. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. నా అంత బిడ్డ, ఇంకా చిన్న కొడుకు ఇంటిదగ్గరున్నారు. పువ్వు ఏరుకునే పది రోజులు పోతే ఏడాదంతా ఇబ్బందే కాబట్టి భర్త ఆమెను మాకు అప్పజెప్పి వెళ్లిపోయాడు. వారానికొకసారి, సంత రోజున వచ్చిపోయేవాడు.

మొదటి రోజు పళ్లెం పెట్టి వెనక్కి తిరుగుతుంటే ఆమె నన్ను పిలిచింది. గుడ్డును రెండుగా విరిచి సగం తను తిన్నది. మిగతా సగం, రెండు రొట్టె ముక్కలు, పాలు నా వైపు జరిపింది. "తిను బిడ్డా" అన్నది. నేను అటూ ఇటూ చూశాను. ఆయమ్మ వరండా అవతల ఎవరికో పక్క మారుస్తోంది. ఇంకేముంది, రొట్టె పాలలో ముంచుకుని గబగబా మింగేశాను. ఆమె నన్ను చూస్తూ నవ్వింది. నా తలమీద చెయ్యి పెట్టి వాళ్ల మాటలో ఏదో అన్నది. తన బిడ్డ గుర్తొచ్చిందనుకుంటాను.

ఇక రోజూ అదే. ఖాళీ పళ్లెం తీసుకుని బయటికొస్తే సిస్టరమ్మ చూసి కాగితం మీద "తిన్నది" అని రాసుకునేది. ఆమె తప్పేముంది, పళ్లెం నాకినట్టు ఖాళీగా ఉంటే ఇంకేం రాస్తుంది? మధ్యాహ్నానికి అక్కకి జ్వరం తిరగబెట్టేది, అన్నం ముందర పెట్టినా తల అటు తిప్పుకునేది. ఏదైనా నోట్లోకి పోతే పొద్దుటి పూటే పోవాలి. ఆ పూట పోయింది సగం గుడ్డు. మిగతాదంతా నా పొట్టలోకి. నాకు అది తప్పనిపించలేదు. నేను దొంగతనం చేయలేదు, ఆమె పిలిచి పెట్టింది, నేను తిన్నాను. అట్లా రెండు వారాలకు పైగా తిన్నాను. నా చెంపలు నిండి నునుపెక్కాయి. ఎదురుపడ్డవాళ్లంతా బుగ్గలు గిల్లేవాళ్లు.

ఒక గురువారం పొద్దున డాక్టరమ్మ అక్క కాలి కట్టు విప్పింది. నేను తలుపు పక్కన పళ్లేలు పేరుస్తున్నాను. డాక్టరమ్మది గుంటూరు వైపు. గొంతు కరుకు గానీ మనసు మెత్తన. చాలాసేపు పుండునే చూసింది. "పెట్టిందంతా తింటోంది కదా సిస్టర్, మందులు పడుతున్నాయి కదా, అయినా కండ రావట్లేదేంటి? లోపల ఎముక పాడైనట్టుంది. ఇంకా ఉంచితే ప్రాణం మీదికొస్తుంది. సోమవారం కాలు తీసేద్దాం" అన్నది. చెయ్యి మోకాలి కింద అడ్డంగా పెట్టి ఎక్కడిదాకా తీయాలో చూపించింది. తను రెండు రోజులు గూడేలకు క్యాంపుకు పోతున్నానని, శనివారం పొద్దుపోయి వస్తానని, ఈలోగా భర్తకు కబురు పెట్టమని చెప్పి వెళ్లిపోయింది.

అక్కకి ఆ మాటలు అర్థం కాలేదు. నాకు అర్థమయ్యాయి. పెట్టిందంతా తింటోంది అన్న మాట దగ్గర పళ్లేలు పేర్చడం ఆపేశాను. అడవిలో బతికే మనిషికి కాలు లేకపోతే ఏముంటుంది? గుట్ట ఎక్కలేదు, కట్టె మొయ్యలేదు, పువ్వు ఏరలేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు పెద్ద చదువు అక్కర్లేదు. చెప్తే నన్ను బడి మాన్పించి కూలికి పంపుతారని, అమ్మమ్మ నౌకరీ పోతుందని, గది ఖాళీ చేయిస్తారని, ఏమేమో అనుకున్నాను. నోరు మూసుకున్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి, అది చెప్పకపోతే ఇదంతా రాసి ఏం లాభం? మర్నాడు శుక్రవారం పొద్దున కూడా అక్క రొట్టె నా వైపు జరిపింది. నేను తిన్నాను. ఏడుపు గొంతులో ఉండగానే తిన్నాను. నా సిగ్గులేని నాలుకకు ఆ రోజు కూడా అది రుచిగానే ఉంది.

అమ్మమ్మ ఎట్లా పట్టుకుందంటే, నా ఆకలిని బట్టి. వండిపెట్టే మనిషికి ఎవరు ఎంత తింటున్నారో చూడకుండా ఉండటం చేతకాదు. ఆ సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి, "ఏందే, పొద్దుటి గంజి పదిహేను రోజుల సంది కుక్కకు పోస్తున్నవు. నీ బుగ్గలేమో బూరెలైనయి. ఏడ తింటున్నవే?" అన్నది. నేను అబద్ధం వెతుక్కునేలోపే ఏడ్చేశాను. మొత్తం కక్కేశాను. కాలు తీసేస్తారన్నది కూడా చెప్పాను.

దెబ్బలు పడతాయని వీపు బిగపట్టుకుని కూర్చున్నాను. పడలేదు. అమ్మమ్మ తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చుంది. ఆమె మొహం అంత నల్లబడటం నేనెప్పుడూ చూడలేదు. చివరికి, "నిన్నేమందునే, నన్ను నేను అనుకోవాలె. రోజూ పళ్లెం కడిగిన గని, ఎవరి కడుపులకు పోయిందో చూడలే" అన్నది. మళ్లీ తనే, "ఆమెకు రొట్టె ఎందుకు పోతలేదో అడిగినవా? ఏం తినబుద్ధయితదో అడిగినవా?" అన్నది. లేదన్నాను. ఇన్ని రోజులు ఆమె మంచం మీద కూర్చుని ఆమె తిండి తిన్నదాన్ని, ఒక్కనాడన్నా ఆ మాట అడగలేదు.

డాక్టరమ్మ వచ్చాక చెప్పేద్దాం అమ్మమ్మా అన్నాను. దానికి ఆమె అన్న మాట నాకు బాగా గుర్తు. "తింటలేదని చెప్తే ఏమైతది? సూది మందు పెంచుతరు, ఇంకో గ్లాసు పాలు పెడ్తరు. ఏం తింటదో చూపియ్యాలె. తింటదని చూస్తేనే కాలుకు ఇంకా నాలుగు దినాలు గడువిస్తరు." అంటే రెండు రోజుల్లో ఆమె చేత తినిపించాలి. ఆ తిండి దవాఖానాలో ఉన్న సరుకుతోనే కావాలి. అమ్మమ్మ దగ్గర ఉన్నవి రొట్టె, గుడ్లు, పాలు. అవే ఆమెకు సయించనివి.

శనివారం పొద్దున పళ్లెం తీసుకుపోయాను. అక్క ఎప్పటిలాగే రొట్టె జరిపింది. ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, రొట్టె ఎందుకు తినవక్కా అని అడిగాను. ఆమె తడబడింది. దూదిలెక్క ఉంటది, గొంతు దిగదు, వాసన లేదు అన్నది. పాలు? ఆ మాటకి మాత్రం ఆమె మొహం చిట్లించింది. "పాలు దూడది. మా కాడ పిండరు" అన్నది. మరి ఏం తినాలనుంది అంటే, కిటికీలోంచి బయటికి చూసి, "ఇప్పపువ్వు" అన్నది. నాకు భయమేసింది. ఆ పువ్వు దగ్గరే కదా ఎలుగు పట్టిందన్నాను. ఆమె పగలబడి నవ్వింది, కాలు నొప్పెట్టి మళ్లీ మూలిగింది. "ఎలుగు చేసింది. పువ్వేం చేసింది?" అన్నది.

ఇక్కడో చిక్కుంది. మా కాంపౌండులో ఇప్పపువ్వు పేరెత్తితే చాలు, సారా అనుకునేవాళ్లు. ఆ పువ్వుతో సారా కాస్తారన్నది నిజమే గానీ, గూడెం వాళ్లు దాన్ని ఉడకబెట్టుకుని తింటారని, పిల్లలకు పెడతారని మా చర్చి మనుషులకు పట్టేది కాదు. అక్క భర్త మొదటి సంత రోజునే ఒక మూటెడు ఎండుపువ్వు తెచ్చాడట. గేటు దగ్గర వాచ్‌మన్ తాత అది సారా దినుసని గుంజుకుని తన గదిలో కొయ్యకు తగిలించాడు. పాపం ఆ మనిషి ఏమీ అనలేక ఉత్తచేతులతో లోపలికొచ్చి పోయాడు. అక్క చెప్పినదంతా అమ్మమ్మకు చెప్పగానే ఆమె కొంగు బిగించి తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. "ఆ మూట ఎవలది?" అన్నది. తాత నసిగాడు. "రోగికి తెచ్చిన తిండి నీ గోడకు తోరణం కట్టుకున్నవా? ఇటియ్యి" అన్నది. తాత కిక్కురుమనకుండా ఇచ్చాడు. అమ్మమ్మ కోపం తెలిసిన వాళ్లెవరూ ఆమెతో వాదన పెట్టుకోరు.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక అమ్మమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. చెయ్యాల్సింది నువ్వు, నేను చెప్తానంతే అన్నది. దొరసాని బంగ్లాలో ఉన్నప్పుడు అమ్మమ్మ శనివారం సాయంత్రం ఒక వంటకం చేసి పెట్టేదట. రొట్టె ముక్కలను గుడ్లు, పాలు, చక్కెర కలిపిన దాంట్లో రాత్రంతా నానబెట్టి, ఆదివారం పొద్దున నిప్పుల మీద పెడితే దాని మానాన అదే కాలుతుంది. వంటామె కూడా చర్చికి పోవాలె కదా అని దొరసానే నేర్పిందట. బంగ్లా రొట్టె అనేది అమ్మమ్మ. ఈ మధ్య మా మనవరాలు ఫోన్లో చూసి అచ్చం అట్లాగే రాత్రి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఓవెన్లో కాల్చింది. కొత్త వంట నానమ్మా, రుచి చూడు అన్నది. దాన్ని కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను.

అమ్మమ్మ పాల గిన్నె పక్కకు పెట్టించింది. ఇప్పపువ్వుకు పుప్పొడి దులిపించి, మూడుసార్లు కడిగించి, నీళ్లలో ఉడకబెట్టించింది. తియ్యటి, కాస్త మత్తు వాసన వంటిల్లంతా కమ్మేసింది. పెద్ద సిస్టరమ్మ ముక్కు ఎగబీల్చుకుంటూ పరుగున వచ్చింది. "ఏమ్మా, సారా గానీ కాస్తున్నావా ఏంటి?" అన్నది. అమ్మమ్మ వెనక్కి కూడా తిరగలేదు. "అవ్ సిస్టరమ్మా, కోడిగుడ్లతోని సారా కాస్తున్న. పొద్దుగాల రా, నీకొక గ్లాసు తీసి పెడ్త" అన్నది. తర్వాత గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పింది, నా సంగతి తప్ప. అది నా నోటితోనే రావాలని అట్టిపెట్టింది. సిస్టరమ్మ గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి వెళ్లిపోయింది.

ఉడికిన పువ్వును పిండి పక్కకు తీశాం. మిగిలిన ఎర్రటి నీళ్లు తేనెలా ఉన్నాయి. అవి చల్లారాక నాలుగు గుడ్లు కొట్టి, చిటికెడు ఉప్పేసి గిలక్కొట్టాను. రెండు రోజుల నాటి రొట్టె ముక్కలు గట్టిపడి ఉంటే, అవే మంచివి, మెత్తటివి చిదికిపోతాయన్నది అమ్మమ్మ. నూనె రాసిన గిన్నెలో ఒక వరస రొట్టె, ఒక వరస పువ్వు, మళ్లీ రొట్టె పరిచి, పైన ఆ నీళ్లు పోశాను. రొట్టె పైకి తేలింది. నొక్కి పట్టు అన్నది. అరచేత్తో నొక్కి పట్టుకున్నాను. అది మెల్లగా తాగుతూ బరువెక్కుతోంటే చేతికి తెలిసింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నేను మింగిన ఒక్కొక్క ముక్క ఆమె కాలిదే అన్నట్టు అనిపించింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి తీయబోతే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "కన్నీళ్లు తర్వాత. ముందు చెయ్యి తియ్యకు" అన్నది. ఎండాకాలం కదా, చెడిపోకుండా ఆ గిన్నెను మంచినీళ్ల కుండల కింది తడి ఇసుకలో సగం దాకా పాతి, పైన తడిగుడ్డ కప్పి, పిల్లులు ముట్టకుండా రాయి పెట్టాం.

ఆదివారం కోడి కూసేవేళకి లేచాం. అమ్మమ్మ పొయ్యిలోంచి నిప్పులు లాగి సన్నగా పరిచి గిన్నె పెట్టింది. మూత మీద కూడా నిప్పులు పోసింది. కాసేపటికి గుడ్డు పొంగి, అంచులు ఎర్రబడి, పువ్వు వాసన కాల్చిన వాసనతో కలిసి పైకి లేచింది. నా నోట్లో నీళ్లు ఊరలేదు. జీవితంలో మొదటిసారి రొట్టె నా ఎదురుగా ఉన్నా తినాలనిపించలేదు.

ముక్క కోసి పళ్లెంలో పెట్టుకుని తీసుకుపోయాను. అమ్మమ్మ కూడా వచ్చింది. అక్క ముందు వాసన చూసింది. కళ్లు పెద్దవయ్యాయి. దీంట్లో పాలున్నాయా అని అడిగింది. లేవన్నాను. ఇప్పపువ్వు, గుడ్డు, రొట్టె, ఇంకేం లేదన్నాను. కొస తుంచి నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. ఇంకో ముక్క తుంచింది. తర్వాత తుంచడం మానేసి చేత్తో తీసుకుని తినడం మొదలుపెట్టింది. సగం అయ్యాక అలవాటు కొద్దీ నాకు ఇవ్వబోయింది. నేను రెండు అడుగులు వెనక్కి జరిగాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, మిగతాది కూడా తినేసింది. ఇంకా ఉందా అన్నట్టు అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఉన్నదమ్మా, గిన్నెడున్నది" అన్నది.

బయటికి రాగానే అమ్మమ్మ నా భుజం పట్టుకుని ఆపింది. డాక్టరమ్మ చర్చి మెట్ల మీద ఉంది. "ఆరాధన గంట కొట్టేలోపు నువ్వు చెప్పు. నీతోని కాకుంటే నేను చెప్త. గని నేను చెప్తే, అది నా నోట్లె మాటే అయితది" అన్నది. బలవంతం చేయలేదు. భుజం వదిలేసింది.

వంటింటి నుంచి చర్చి మెట్ల దాకా యాభై అడుగులుండవు. ఆ దారి నాకు తెగలేదు. తెల్లచీరల సిస్టరమ్మలు, వాచ్‌మన్ తాత, ఆయమ్మలు, మా బడి టీచరు అందరూ అక్కడే ఉన్నారు. డాక్టరమ్మ ముందు నిలబడ్డాను. మూలమంచం అక్క తింటలేదు, నేను తింటున్న, వచ్చిన కాడ్నించి నేనే తింటున్న, ఆమె కాలు తియ్యకండి అని ఒక్క ఊపిరిలో అనేశాను. ఎవరో "యేసయ్యా" అన్నారు. డాక్టరమ్మ నా మీద అరవలేదు. "ఎన్ని రోజులు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. ఆమె చేతిలోని బైబిలు సిస్టరమ్మకిచ్చి, చర్చిలోకి పోకుండా వార్డు వైపు నడిచింది. వెనక గంట కొట్టారు. మేమెవ్వరం వెనక్కి చూడలేదు.

డాక్టరమ్మ మూల మంచం మీద కూర్చుని, "ఎందుకు తినలేదమ్మా?" అన్నది. అక్కకి పరిస్థితి అర్థమైంది. నన్ను కొడతారనుకుంది. గబుక్కున నా చెయ్యి పట్టి తన వైపు లాక్కుంది. "పిల్లను కొట్టకు. నేనే ఇచ్చిన" అన్నది. మరి తినలేనని మాకు చెప్పాలి కదా అంటే, ఆమె ఇంకో మాట అన్నది. "పెట్టిండ్రు. అడగలే." కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నది. డాక్టరమ్మ తల వంచుకుంది. కాగితాలు తెప్పించి, తిన్నది తిన్నది అని రాసిన గీతలన్నిటి మీద కలం అడ్డంగా గీసింది. సోమవారం ఆపరేషన్ ఆపేసింది. రెండు వారాలు చూద్దామన్నది.

ఆ రెండు వారాలూ రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే రొట్టె పరిచి, నొక్కి పట్టి, ఇసుకలో పాతడం నా పని. గేటు దగ్గర ఇప్పపువ్వు మూటలు ఆపొద్దని డాక్టరమ్మే చెప్పింది. అక్క రోజూ తిన్నది. మొదటి నాలుగు రోజులు పుండులో మార్పేమీ కనపడలేదు. కట్టు విప్పే వేళకి నేను బడికి పోయేదాన్ని కాదు, తలుపు పట్టుకుని నిలబడేదాన్ని. అయిదో రోజు డాక్టరమ్మ వంగి చూసి, "ఎర్రగా వస్తోంది సిస్టర్, చూడండి, కింద నుంచి కండ వస్తోంది" అన్నది. సిస్టరమ్మ నా వైపు తిరిగి చిన్నగా తలూపింది. జ్వరం తగ్గింది. మధ్యాహ్నం అన్నం కూడా దిగడం మొదలైంది. ఎముక పాడవలేదు. కాలు దక్కింది.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. మా మనవరాలికి చెప్పినప్పుడు నేను ఇక్కడే ఆపాను.

వానలు మొదలయ్యాక ఆమెను లేపి నిలబెట్టారు. మడమ కింద ఆనలేదు. పుండు మానడం ఆలస్యమై, కాలు అన్ని రోజులు కదలకుండా ఉండేసరికి చీలమండ బిగుసుకుపోయిందట. మొదటి వారాల్లోనే కండ పట్టి ఉంటే కాలు ఆడించేవాళ్లం, ఇట్లా అయ్యేది కాదు అని డాక్టరమ్మ వరండాలో సిస్టరమ్మతో చెప్తోంది. నేనక్కడున్నానని చూడలేదు. ఎంత తైలం రాసినా, ఎంత నడిపించినా ఆ మడమ దిగలేదు.

ఇంటికి పోయే రోజు భర్త ఇంకో మనిషిని, మంచాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె మంచం ఎక్కనన్నది. అమ్మమ్మ చేతులు పట్టుకుంది, నా తలమీద చెయ్యి పెట్టింది, కర్ర తీసుకుని నడిచింది. ఒక అడుగు పడేది, రెండో అడుగు మునివేళ్ల మీద ఈడ్చుకొచ్చేది. గేటు నుంచి అడవి దారి మొదలయ్యే చోటికి మామూలు మనిషికి రెండు నిమిషాలు. ఆమెకు చాలాసేపు పట్టింది. నేను గేటు ఊచలు పట్టుకుని చివరిదాకా చూశాను.

అమ్మమ్మ పక్కనే ఉంది. ఆ నడక నావల్లేనా అమ్మమ్మా అని అడిగాను. కాదు బిడ్డా, నువ్వు చిన్నపిల్లవు, నీకేం తెలుసు అని అంటుందని నా ఆశ. ఎవరైనా అదే అంటారు. అమ్మమ్మ నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు, ఆ రోజూ ఆడలేదు. "కొంత" అన్నది. గేటు గడియ వేసి, "కొంత నీది, కొంత నాది, కొంత రాసిన వాళ్లది. నీ వాటా నువ్వు మొయ్యి. నా వాటా జోలికి రాకు" అన్నది. ఆ మాటకి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంతకంటే ప్రేమగా నాతో ఎవరూ మాట్లాడలేదనిపిస్తుంది. మొత్తం నాదే అని ఉంటే ఆ వయసులో చచ్చిపోయేదాన్ని. నాది కాదని ఉంటే ఎట్లాంటి మనిషినయ్యేదాన్నో.

పెద్దయ్యాక ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేశాను. రిటైరై తల్లాడలో ఉంటున్నాను. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది, తన వాటా తను తీసుకుని పోయింది. నాది నా దగ్గరుంది. ఇంట్లో గానీ, పెళ్లిలో గానీ, దవాఖానాలో ఎవరినైనా చూడబోయినప్పుడు గానీ, "నాకొద్దులే, నువ్వు తిను" అని ఎవరైనా పళ్లెం నా వైపు జరిపితే ఈ వయసులో కూడా నా చెయ్యి ముందుకు పోదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకేం తినబుద్ధయితుందమ్మా అని అడుగుతాను. ఏం లేదంటారు. అయినా లేవను. చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.